ముప్పై ఏడు తాళంచెవులు

నాలుగు గంటల్లో పదకొండు వేల మంది చూశారు.

బావ ఫోన్ పైకెత్తి పట్టుకుని దుకాణంలోకి దూసుకొచ్చాడు. గడప తగిలి తూలాడు. అయినా ఫోన్ ఉన్న చెయ్యి మాత్రం దించలేదు.

"మరదలా! పదకొండు వేలు! మన దుకాణం వీడియో! పొద్దున ఆరింటికి వచ్చింది, ఇప్పుడు పదైంది. ఇక మనల్ని పట్టేవాడు లేడు!"

"తలుపేసి కేకలెయ్యి బావా. వీధంతా వింటోంది," అంది తాళాలమ్మ, చేతిలో ఆకురాయి ఆపకుండా.

ఆ పేరు వీధి పెట్టింది. తండ్రి పోయాక తాళాల దుకాణం ఆమెకొచ్చింది. దుకాణంతో పాటు, ఏ తాళమైనా చూపుతో చదివే కన్నూ ఆయన్నుంచే వచ్చింది. అక్క మొగుడైన ఈ బావ మాత్రం తాళాల మనిషి కాదు. ఇరవై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చిపడ్డాక స్టూడియో మూసేసి మరదలి దుకాణంలో చేరాడు. ప్రచారం అతని శాఖ.

"వీడియో పెట్టమని నేను చెప్పలేదే?"

"నేనూ పెట్టలేదు! అదే తమాషా. యాప్ కంపెనీయే తయారుచేసి పెట్టింది. 'మీ పనితనాన్ని లోకానికి చూపుతున్నాం' అని ముచ్చటగా రాసింది కూడా. పాటతో సహా!"

ఆకురాయి ఆగింది.

"దేంతో తయారుచేసింది?"

బావ ఫోన్ ఆమె ముందు పెట్టాడు. హుషారైన సంగీతం మోగుతోంది. తెర మీద ఇత్తడి తాళంచెవి ఒకటి మెరిసింది, పోయింది. ఇంకొకటి వచ్చింది. ఇంకొకటి. ప్రతి చెవీ గళ్ళ కాగితం మీద పడుకుని ఉంది. ప్రతి చెవి కింద వీధి పేరు, ఇంటి నంబరు.

తాళాలమ్మ ఆకురాయి కింద పెట్టేసింది.

ఆమె తండ్రి రోజుల్లో కోసిన ప్రతి చెవి రూపమూ ఒక పుస్తకంలో గీసి ఉండేది. పేర్లుండవు, అంకెలే. పుస్తకం ఇనప్పెట్టెలో ఉండేది. కస్టమరు చెవి పోగొట్టుకుని ఏడుస్తూ వస్తే ఆ గీత చూసి మళ్ళీ కోసిచ్చేవాడు. రెండేళ్ళ కిందట బావ వచ్చి ఆ పుస్తకాన్ని వెక్కిరించాడు. చెదలు పడుతుందన్నాడు, తడుస్తుందన్నాడు. గళ్ళ కాగితం మీద చెవి పెట్టి, పక్కనుంచి దీపం వేసి, పన్ను పన్నూ కనపడేలా ఫోటో తీసి, కింద అడ్రసు రాశాడు. యాప్‌లో దుకాణం పేరున పేజీ పెట్టి, అందులోనే ఆల్బమ్ తెరిచి దాచాడు. "నాకు మాత్రమే" అన్న మాట పక్కన చిన్న తాళం బొమ్మ ఉండేది. ఆ తాళం బొమ్మని చూసి తాళాల మనిషి నమ్మింది.

"బావా, ఇది నీకు మాత్రమే అన్నావు."

"అవును. నాకు మాత్రమే. మొన్నేదో కొత్త నియమాలంటూ పేజీ వచ్చింది. దుకాణాల ఆల్బమ్‌లు ఇకనుంచి... ఏదో ఉంది. సరే అని నొక్కా. నొక్కకపోతే లోపలికి పోనివ్వదు మరి! ఎవరైనా చదువుతారా అవన్నీ, ఎనభై పేజీలు?"

"గళ్ళ కాగితం మీద చెవి ఫోటో ఇస్తే చెవి చేతిలో పెట్టినట్టే. ఏ పన్ను ఎన్ని గళ్ళ ఎత్తో లెక్కపెడితే చాలు, నేను కళ్ళు మూసుకుని కోసేస్తాను. ముప్పై ఏడు ఇళ్ళు బావా! అడ్రసులతో సహా!"

బావ ముఖంలోంచి పదకొండు వేలూ ఒక్కసారిగా దిగిపోయాయి. బొటనవేలు తెర మీద పరిగెత్తింది. "తీసేస్తున్నా. తీసేశా. ఇదిగో, పోయింది." కింద ఒక వాక్యం వెలిగింది. 'మార్పు అందరికీ కనిపించడానికి నలభై ఎనిమిది గంటలు పట్టవచ్చు.'

"అంటే పోలేదు," అంది తాళాలమ్మ. "కింద ఎవరేం రాశారో చూపించు."

చప్పట్లు, పువ్వులు, గుండెలు. మధ్యలో ఒకటి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ముఖం లేని ఖాతా. ఇరవై మూడో చెవి గురించి అడిగాడు. 'చాలా అందంగా ఉంది. ఈ ఫోటో కొంచెం పెద్దదిగా దొరుకుతుందా?' దాని కింద దుకాణం జవాబు, ఎనిమిదింటికి. 'తప్పకుండా సార్.'

"పంపించావా?"

"మెచ్చుకున్నాడు కదా అని..."

ఇరవై మూడు నర్సుది.

నాలుగు నెలల కిందట వచ్చిందా పిల్ల. చెయ్యి కట్టులో ఉంది. "అక్కా, ఈ చెవి ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ముఖ్యంగా ఒక మనిషి దగ్గర," అంది. ఆ మనిషెవరో చేతి కట్టే చెప్పింది. అతన్నించి తప్పించుకుని మూడు ఊళ్ళు మారిందట. తాళాలమ్మ వెళ్ళి ఆ మూడో అంతస్తు తలుపుకి మంచి తాళం బిగించింది. లోపలి గడియ ఊడి వేలాడుతుంటే, "గడియ అక్కర్లేదమ్మా, ఈ తాళం ఉండగా దేవుడు కూడా అడిగి రావాలి," అని మాటిచ్చింది. నర్సుకి రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి ఫోన్ ఆపేసి సాయంత్రం దాకా నిద్రపోతుంది.

ఇప్పుడూ నిద్రపోతూ ఉంటుంది.

తాళాలమ్మ అయినా ఫోన్ చేసింది. స్విచ్చాఫ్.

"బావా, పోలీసులకి చెయ్యి. స్కూటర్ నేను నడుపుతా. కొత్త సిలిండర్ ఇటివ్వు." సిలిండర్ అంటే తాళం లోపలి ఇత్తడి గొట్టం. అది మారిస్తే పాత చెవి పనికిరాదు. దాన్ని, పట్టకారునీ, పనిముట్లనీ సంచిలో పడేసి దుకాణం షట్టర్ కూడా దించకుండా బయటపడింది.

బండి ఎక్కబోతూ ఆగింది. వాడి దగ్గర ఫోటో ఉంది, చెవి లేదు. ఎవరో ఒకరు కొయ్యాలి. ఊరిలో ఫోటో చూసి చెవి కోయగలిగిన చేతులు రెండే. ఒకటి తనది. రెండోది రైల్వే స్టేషన్ దగ్గరి బాబాయిది.

నిజం బాబాయి కాదు. తండ్రి దగ్గర పని నేర్చుకున్నవాడు. బావ పేజీ పెట్టాక అతని గిరాకీ సగం ఇటు వచ్చేసింది. అప్పట్నించీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఎదురుపడితే అతను పక్క దుకాణం బోర్డు చదువుతాడు.

ఫోన్ ఆరుసార్లు మోగింది. అవతల మిషన్ చప్పుడు వినబడింది, కర్రుమంటూ.

"ఎవరూ?"

"బాబాయ్, నేను. పెట్టెయ్యకు! ఎవరైనా ఫోటో తెచ్చి చెవి కొయ్యమంటే..."

"గళ్ళ కాగితం ఫోటోనా?" గొంతు తగ్గింది. "ఆ గళ్ళు చూసి మీ దుకాణందే అనుకున్నా. వాళ్ళావిడ చెవి పోగొట్టుకుందట. ఎదురుగానే కూర్చున్నాడు. నాలుగు పళ్ళు అయ్యాయి, ఇంకొకటుంది."



"వాడు చెయ్యి విరగ్గొట్టిన మనిషి బాబాయ్. ఆ పిల్ల లోపల ఒంటరిగా నిద్రపోతోంది. కొయ్యనంటే వాడు తలుపు పగలగొట్టడానికి పోతాడు. ఆ చివరి పన్ను... లోపలికి పోవాలి, తిరగకూడదు, బయటికి రాకూడదు. నీకు చేతనవును. నాన్న నీకే నేర్పాడు, నాకు నేర్పలేదు!"

అవతల మిషన్ ఆగింది. తర్వాత బాబాయి గొంతు మామూలు కన్నా గట్టిగా పలికింది.

"ఆ, ఆ. మీ గేటు తాళం రేపు చూస్తాలెండి. ఇప్పుడు కస్టమర్ ఉన్నాడు."

ఫోన్ కట్.

"ఏమన్నాడు?" అన్నాడు బావ.

"ఏమీ అన్లేదు. ఎక్కు!"

స్టేషన్‌కి నర్సు ఇల్లు పది నిమిషాలు. ఇక్కడినుంచి ఇరవై. లెక్క తలలో కత్తిలా తిరుగుతుంటే తాళాలమ్మ స్కూటర్‌ని వీధిలోకి ఉరికించింది. బావ వెనక కూర్చుని ఒక చేత్తో ఆమె సంచిని, ఇంకో చేత్తో ఫోన్‌ని పట్టుకున్నాడు. కాళ్ళు ఎక్కడున్నాయో అతనికే తెలియదు.

"పోలీసులొస్తున్నారు! ఇప్పుడు కంపెనీకి ఫిర్యాదు రాస్తున్నా!"

"ఏమంటున్నారు?"

"'మీ గోప్యత మాకు ప్రాణం' అంటున్నారు! 'మూడు పనిదినాల్లో స్పందిస్తాం' అంటున్నారు! 'ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా' అని అడుగుతున్నారు!"

"ఉపయోగపడిందని చెప్పకు!"

"పొరపాటున నొక్కేశా! నువ్వు ఆ గుంతలో దూకావు!"

ముందు కాంక్రీటు కలిపే లారీ ఒకటి వీధి మొత్తం ఆక్రమించి వెనక్కి వస్తోంది. తాళాలమ్మ బ్రేకు మీద చెయ్యి వెయ్యలేదు. లారీకీ గోడకీ మధ్య స్కూటర్ పట్టేంత సందుంది, మోకాళ్ళు పట్టవు. "కాళ్ళెత్తు!" అంది. బావ ఎత్తాడు. లారీ డ్రైవరు తిట్టిన తిట్టు వాళ్ళ వెనకాల చాలా దూరం వచ్చింది.

"వీధి చివర దించు," అన్నాడు బావ, ఊపిరందాక. "పోలీసులకి దారి తెలీదట. నేను నిలబడతా. నువ్వు పో."

మూడంతస్తుల మెట్లు. మొదటి అంతస్తులో ఎవరో బట్టలారేస్తున్నారు. రెండో అంతస్తులో రేడియో మోగుతోంది. మూడో అంతస్తు మలుపులో ఆమె ఆగింది.

తలుపు ముందు ఒక మనిషి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చక్కగా దువ్విన తల. చెయ్యి తాళం మీద ఉంది. మెల్లగా, చప్పుడు చెయ్యకుండా తిప్పుతున్నాడు.

చెవి తిరగలేదు.

లాగాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. పళ్ళు బిగించి లాగాడు.

తాళాలమ్మకి కేక వెయ్యాలనిపించింది, ఆనందంతో. పొరపాటున కుదిరే పని కాదది. వెంట్రుకవాసి ఎక్కువైతే లోపలికే పోదు, వెంట్రుకవాసి తక్కువైతే తిరిగిపోతుంది. ముప్పై ఏళ్ళ చెయ్యి కావాలి. బాబాయ్, నీ కాళ్ళు మొక్కుతాను!

అతను చప్పుడు విని తిరిగాడు. ఆమె భుజాన సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న పట్టకారు చూసి ముఖాన నవ్వు తెచ్చుకున్నాడు.

"మీరు తాళాలు బాగుచేస్తారా? సమయానికొచ్చారమ్మా. మా ఆవిడ లోపల నిద్రపోతోంది. లేపడం ఇష్టం లేక నా చెవితో తీద్దామంటే ఇరుక్కుంది."

గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఎవరైనా నమ్ముతారు. మూడు ఊళ్ళ వాళ్ళు నమ్మే ఉంటారు.

"జరగండి, చూస్తాను," అంది తాళాలమ్మ.

మోకాళ్ళ మీద కూర్చుంది. పట్టకారుతో చెవి తలని పట్టుకుంది. కొత్తగా కోసిన ఇత్తడి, ఇంకా అంచు పదునుగా ఉంది. మణికట్టు ఒక్కసారి పక్కకి విరిచింది.

టప్‌మంది. చెవి తల ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. పళ్ళు లోపల ఉండిపోయాయి. ఇప్పుడిక బయటినుంచి ఆ తాళంలోకి సూది కూడా దూరదు.

"అయ్యో, విరిగిందండీ," అంది.

అతను ఆమె చేతిలోని ముక్కని చూశాడు. తర్వాత సంచిని చూశాడు. సంచి మీద దుకాణం పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, బావ అచ్చు వేయించిందే. పొద్దుటినుంచీ అతను ఫోన్‌లో చూస్తున్న పేరది. నవ్వు అక్కడే ఆగి గట్టిపడింది.

"నువ్వా?"

తాళాలమ్మ తలుపుకి వీపానించి నిలబడింది. పిడికిలి బిగించి వెనక్కి తలుపు మీద దబదబా బాదింది. "నర్సమ్మా! లే! నేను తాళాలమ్మని! తలుపు తియ్యకు! ఏమన్నా సరే తియ్యకు!"

లోపల ఏదో కిందపడింది. నిద్రమత్తు గొంతు. "అక్కా? ఎవరున్నారు?"

"నేనేరా బంగారం," అన్నాడు అతను, మెత్తటి గొంతుతో. "మాట్లాడుకుందాం. తలుపు తియ్యి."

లోపల నేల మీద బరువైన చెక్క జరుగుతున్న చప్పుడు వచ్చింది. బీరువా. గీక్కుంటూ, ఆగుతూ, మళ్ళీ గీక్కుంటూ వచ్చి తలుపుకి ఆనింది.

అతని గొంతులో మెత్తదనం అయిపోయింది. "తప్పుకో. ఇది మా ఇంటి వ్యవహారం."

"తాళం నాది. నేను బిగించాను. తప్పుకోను."

ఆమె భుజం పట్టుకుని గుంజాడు. ఆమె తలుపు చట్రాన్ని పట్టుకుంది. నలభై ఏళ్ళ ఆడదే, కానీ పాతికేళ్ళుగా ఇనుము పిండిన చేతులు. గోళ్ళు కూడా కదల్లేదు. "ఏమండోయ్!" అని కేకేసింది, మేడ అదిరేలా. "రెండో అంతస్తు! రేడియో ఆపి పైకి రండి!"

రేడియో ఆగింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకున్న పెద్దావిడ బయటికి వచ్చి, "ఏంటయ్యా, ఆడమనిషి మీద చెయ్యేంటి?" అంది. కింది నుంచి ఇద్దరు, బట్టలారేస్తున్నావిడ చేతిలో తడి దుప్పటితోనే వచ్చింది. అతను అందరినీ చూసి చొక్కా సర్దుకున్నాడు. మళ్ళీ నవ్వు తెచ్చుకుని మెట్ల వైపు నడిచాడు.

మెట్ల మలుపులో ఇద్దరు పోలీసులు ఎదురొచ్చారు. వాళ్ళ వెనక బావ, రొప్పుతూ, చేతిని గుండె మీద వేసుకుని. "వీడే," అన్నాడు. "ఎనిమిదింటికి ఫోటో అడిగింది వీడే. వాడి ఫోన్ చూడండి, పంపించిన వెధవని నేనే."

ఒక పోలీసు అతన్ని కిందికి నడిపించాడు. బీరువా జరిపి తలుపు తీయడానికి నర్సుకి చాలాసేపు పట్టింది. లోపలివైపు చెవి అక్కర్లేని తిప్పుడు పిడి ఉంది, అది పనిచేసింది. కట్టు లేదిప్పుడు, కానీ ఆ చెయ్యి ఇంకా కొంచెం వంకరగానే ఉంది. తాళాలమ్మ గుమ్మంలోనే వీడియో సంగతి చెప్పేసింది.

"అందులో నా ఇల్లేదో వాడికెలా తెలిసింది అక్కా? ఆ యాప్‌లో నేను లేను. పేరు కూడా ఎక్కడా పెట్టలేదు."

బావ ముందుకొచ్చాడు. తాళాలమ్మ మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నా వల్లమ్మా. పేజీ పెట్టినప్పుడు 'మీ కస్టమర్లను వెతుక్కోండి' అంది యాప్. దుకాణం ఫోన్‌లో ఉన్న నంబర్లూ, తర్వాత చేరే నంబర్లూ అన్నీ ఇచ్చేశా, ఏ చెవి ఎవరిదో సహా. నీదీ ఉంది. వాడి ఫోన్‌లోనూ నీ నంబరుంది. రెండూ కలిపి చూసి, 'మీకు తెలిసినవారు ఈ దుకాణానికి వచ్చారు' అని నీ చెవి ఫోటోతో సహా కంపెనీ వాడికి పొద్దున్నే చెప్పింది. పోలీసులు ఇప్పుడే చూశారు. నువ్వు లేకపోయినా... నిన్ను నేను అందులో పెట్టేశా."

నర్సు అతని ముఖంలోకి చూసింది. అతను తల దించుకోలేదు. దించుకుంటే బాగుండునని తాళాలమ్మ అనుకుంది.

"మూడు ఊళ్ళు మారాను," అంది నర్సు. "నంబరొక్కటే మార్చలేదు, ఆసుపత్రి వాళ్ళకి ఇబ్బందని. తాళమైతే మారుస్తారు. అడ్రస్ ఎలా మారుస్తారు మీరు?"

పైన ఉండిపోయిన రెండో పోలీసు, ఒకావిడ, పుస్తకం తెరిచింది. "ఫిర్యాదు ఇస్తారా అమ్మా? ఇవ్వకపోతే బెదిరించి పంపడం తప్ప ఏమీ చెయ్యలేం."

"అంతకుముందు రెండుసార్లిచ్చాను. సాక్ష్యం ఏదన్నారు."

తాళాలమ్మ గుప్పెట తెరిచింది. విరిగిన చెవి తల. "ఇదొకటి. మిగతా సగం తాళంలో ఉంది, నేను ఇప్పుడు తీస్తే రెండూ అతుకుతాయి. కోసినవాడు సాక్ష్యం చెబుతాడు."

"చెబుతాడా?" అన్నాడు బావ.

ఆమె ఫోన్ చేసింది. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు. "తిరగలేదుగా?" అన్నాడు బాబాయి. ఆ గొంతులో గర్వం ఆగట్లేదు.

"తిరగలేదు బాబాయ్. సాక్ష్యం చెప్పాలి."

"చెబుతాను. వాడి ముఖం బాగా చూశాను. మరి మిగతావి?"

"ముప్పై ఆరున్నాయి. అందరికీ ఫోన్లు చెయ్యాలి, తాళాలు మార్చాలి. తప్పు మాదని చెప్పాలి."

అవతల గొణుగుడు. తండ్రి పేరు, బుద్ధి, పుస్తకం అన్న మాటలు మాత్రం తెలిశాయి. "స్టేషన్ వైపువి పద్దెనిమిది నాకు పంపు. ఫోటోలు పంపకు తల్లీ! నోటితో చెప్పు, రాసుకుంటాను."

నర్సు అప్పటికే పోలీసు పక్కన కూర్చుంది. "రాసుకోండి," అంటోంది. "ఈసారి ఊరు మారేది నేను కాదు."

తాళాలమ్మ పాత సిలిండర్ ఊడదీసింది. విరిగిన సగం బయటికి తీసి పోలీసు సంచిలో వేసింది. కొత్తది బిగించింది. ఊడిన గడియకి పొడుగాటి స్క్రూలు వేసి, చట్రం లోతుకి దిగేదాకా తిప్పింది. మూడు చెవులూ నర్సు అరచేతిలో పెట్టి, "నా దగ్గర గీత కూడా లేదు. పోగొట్టుకుంటే తలుపే మార్చాలి," అంది.

"పోగొట్టుకోను."

పోలీసులు అతన్ని తీసుకుని వెళ్ళిపోయారు. ఎదురింటి పెద్దావిడ తన తలుపు తెరిచే ఉంచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని తల తుడుచుకుంటోంది. నర్సు తలుపు మూసింది. తాళాలమ్మా బావా బయట నిలబడి విన్నారు. తాళం తిరిగింది, మెత్తగా, ఒకసారి, రెండోసారి. గడియ పడింది.

తాళాలమ్మ కదల్లేదు. బావ ఆమె సంచి భుజాన వేసుకుని చూస్తున్నాడు.

"అక్కా," అంది నర్సు లోపలినుంచి. "ఇంకా అక్కడే ఉన్నారా?"

"ఉన్నాం."

"ఇక వెళ్ళండి. నాకు నిద్రొస్తోంది."